అడవి పక్కన బొగ్గు గని వస్తే లెక్కలోకి రాని ఖర్చులు

మీరు రాసిన విషయం ఇది: కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో మీ ఊరు అడవి అంచున ఉంది, ఆ పక్కనే ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి నేలను తెరిచి తవ్వే, బొగ్గు గని ప్రతిపాదన వచ్చింది, త్వరలో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగబోతోంది. గని వల్ల నీళ్లకు, ఊపిరితిత్తులకు, అడవిలోని జంతువులకు నిజంగా జరిగే నష్టం ఎంత, గని అనుమతి కోసం తయారయ్యే పర్యావరణ ప్రభావ నివేదికల్లో రాసే జాగ్రత్తలు దానిని ఎంతవరకు తగ్గిస్తాయి, సభలో ఏమి అడగాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు గనుల్లో పనిచేశాను. మొదట భూగర్భ గనుల్లో గాలి, దుమ్ము కొలిచే పని చేశాను, తరువాత ఓపెన్‌కాస్ట్ గనుల పర్యావరణ విభాగంలో ఉన్నాను. గోదావరి లోయలోనూ, ప్రాణహితకు అవతల చంద్రపూర్ చుట్టుపక్కల వార్ధా లోయలోనూ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. గని మొదలయ్యే ముందు కొలిచి, కాగితం మీద పెట్టి, సంతకాలు తీసుకోని నష్టాన్ని తరువాత నిరూపించడం దాదాపు అసాధ్యం. గని వాళ్ల లెక్క లీజు హద్దు దగ్గర ఆగిపోతుంది. నీళ్లు, దుమ్ము, పులి ఆ హద్దు దగ్గర ఆగవు. పైగా నష్టం వెంటనే కనిపించదు. కొంత అయిదేళ్లకు, కొంత ఇరవై ఏళ్లకు బయటపడుతుంది. అప్పటికి ఆ నివేదిక రాసిన వాళ్లు, అనుమతి ఇచ్చిన అధికారులు, మట్టి తీసిన కాంట్రాక్టరు ఎవరూ అక్కడ ఉండరు. కింద రాసినదంతా ఈ మాటకు వివరణ.

గని వద్దనే వాళ్లంతా అభివృద్ధికి అడ్డుపడేవాళ్లని నేను ఏనాడూ అనుకోలేదు, గని కావాలనే వాళ్లంతా అడవికి శత్రువులనీ అనుకోలేదు. దేశంలో పుట్టే కరెంటులో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైన నాటి నుంచి సింగరేణి మీద బతికిన కుటుంబాలకు లెక్క లేదు, నా కుటుంబమూ అందులో ఒకటి. కాని ఉద్యోగాల విషయంలో మీ ఊరి పిల్లలకు ఉన్న ఆశ భూగర్భ గనుల కాలం నాటిది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు, ఉత్పత్తి ఏడాదికి ఇరవై మిలియన్ టన్నుల చుట్టూ ఉండేది. 2023-24లో ఉత్పత్తి 70 మిలియన్ టన్నులు దాటింది, కార్మికులు మాత్రం నలభై వేల పైచిలుకే మిగిలారు. ఓపెన్‌కాస్ట్‌లో పని యంత్రాలది. మట్టి తీసే పని ఎక్కువగా కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది, డంపర్లు నడపడానికి వాళ్లు తమ మనుషులను తెచ్చుకుంటారు. కాబట్టి సభలో ఎవరైనా ఉద్యోగాల అంకె చెబితే, అందులో కంపెనీ రోల్స్ మీద ఎన్ని, కాంట్రాక్టు కింద ఎన్ని, భూమి కోల్పోయిన కుటుంబాలకు ఎన్ని అని విడివిడిగా రాసి ఇమ్మని అడగండి.

ఓపెన్‌కాస్ట్ అంటే బొగ్గు తవ్వడం అనుకుంటారు గాని, అక్కడ జరిగే పనిలో ఎక్కువ భాగం మట్టి, రాయి తవ్వి పక్కన పోయడమే. మన గోదావరి లోయలో బొగ్గు పొరలు ఏటవాలుగా లోతుకు దిగుతాయి. అందువల్ల టన్ను బొగ్గు కోసం అయిదారు ఘనపు మీటర్లు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ ఓబీ, అంటే పైమట్టి, ఇసుకరాయి, తీయవలసి వస్తుంది. గనికి ఎన్ని ఎకరాలు పోతాయో అంతా చూస్తారు, ఓబీ కుప్పలకు ఎన్ని ఎకరాలు పోతాయో అడగరు. ఆ కుప్ప వంద మీటర్ల ఎత్తు దాకా లేచిన కొండ అవుతుంది. దాని మీద పడిన వాన వాగుల్లోకి మట్టిని మోసుకొస్తుంది. వాగు అడుగున ఇసుక ఉన్న చోట బురద పేరుకుంటే అక్కడ ఇక చెలిమె తీసినా నీరు ఊరదు. చంద్రపూర్‌లో ఇరై నది పక్కన పోసిన కుప్పలు వరద నీటి దారిని ఇరుకు చేశాయని ఆ నగర ప్రజలు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. మీ ఊరి ప్రతిపాదనలో కుప్ప ఎక్కడ వస్తుందో, దానికీ దగ్గరి ఒర్రెకూ మధ్య దూరం ఎంతో మ్యాపు మీద చూడకుండా సభకు వెళ్లకండి.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఊరికి తొలి దెబ్బ తగిలేది ఇక్కడే. మన లోయలో బొగ్గు బరాకర్ ఇసుకరాయి పొరల్లో ఉంటుంది. చాలా చోట్ల పై భాగాన కామ్ఠీ ఇసుకరాయి పరుచుకుని ఉంటుంది. ఈ రెండూ నీటిని తమలో నిలుపుకునే రాళ్లు, మీ బావులకూ బోర్లకూ నీరిచ్చేది ఇవే. గని గొయ్యి రెండు వందల మీటర్ల లోతుకు దిగినప్పుడు చుట్టూ ఉన్న ఇసుకరాయిలోని నీరంతా ఆ పల్లానికి జారుతుంది. బొగ్గు తీయాలంటే గొయ్యి ఆరి ఉండాలి కాబట్టి పంపులు రాత్రింబగళ్లు ఆ నీటిని తోడిపోస్తాయి. చుట్టుపక్కల నీటి మట్టం గరాటు ఆకారంలో కుంగుతుంది. రాతి తీరును బట్టి ఆ కుంగుబాటు కొన్ని వందల మీటర్ల నుంచి రెండు మూడు కిలోమీటర్ల దాకా పాకవచ్చు. ముందు చేద బావులు ఎండుతాయి, తరువాత ఎండాకాలంలో వాగులోని మడుగులు. మడుగు ఎండితే నష్టపోయేది మీ పశువులు మాత్రమే కాదు. ఏప్రిల్, మే నెలల్లో అడవిలోని కణుజు, దుప్పి, వాటి వెంట పులి తిరిగేదీ ఆ మడుగుల చుట్టూనే.

ఒక ఊళ్లో నేను చూసినది చెబుతాను. గని వచ్చిన నాలుగో ఏట ఊరి బావులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఊరివాళ్లు అర్జీ పెట్టారు. గని యాజమాన్యం ఆ రెండేళ్ల వర్షపాతం లెక్క తీసి, కరువు వల్లనే ఎండాయని జవాబు రాసింది. వర్షం నిజంగానే తక్కువ పడింది, కాబట్టి ఆ జవాబు పూర్తిగా అబద్ధం కాదు. కాని అంతకుముందు అంతకన్నా పెద్ద కరువులో ఆ బావుల్లో నీళ్లు ఉన్నాయని ముసలివాళ్లందరికీ తెలుసు. తెలిసినా ఏం లాభం, బావి మట్టం ఎన్ని మీటర్లలో ఉండేదో ఎక్కడా రాసి లేదు. ఆ జవాబు తయారుచేసిన విభాగంలో నేనూ ఉద్యోగిని. ఆ బావులను ముందే కొలిపించాలన్న ఆలోచన నాకే రాలేదన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. మీకు ఇంత పొడవుగా రాయడానికి అదే కారణం.

గని నుంచి తోడిన నీటిని చెరువులకూ పొలాలకూ ఇస్తామని చెబుతారు. చాలా చోట్ల ఇస్తారు కూడా, రైతులకు అది ఉపయోగపడుతుంది. కాని పంపు నడిచినంత కాలమే ఆ నీరు. గని మూతపడ్డాక పంపులు ఆగుతాయి, గొయ్యిలో నీరు నిండి మట్టం మళ్లీ పైకి రావడానికి ఏళ్లు పడుతుంది. నాణ్యత విషయంలో మేఘాలయతో పోల్చి భయపడవలసిన పని లేదు. అక్కడి బొగ్గులో గంధకం ఎక్కువ, గని నీరు ఆమ్లంగా మారి జయంతియా కొండల వాగుల్లో చేపలు బతకని స్థితి వచ్చింది, 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడి ఎలుకబొరియ గనులను, అంటే మనిషి పాకి వెళ్లే ఇరుకు సొరంగాల తవ్వకాన్ని, నిషేధించింది. మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి ఆమ్లం సమస్య అంతగా ఉండదు. మన దగ్గర గని నీటిలో చూడవలసినవి కాఠిన్యం, సల్ఫేట్లు, కరిగిన లవణాలు, బొగ్గు పొడి, వర్క్‌షాపుల నుంచి కలిసే నూనె.

ఇక దుమ్ము. ఓపెన్‌కాస్ట్ గనిలో దుమ్ము అనగానే అందరికీ బ్లాస్టింగ్ గుర్తుకొస్తుంది, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. నిజానికి సగానికి పైగా దుమ్ము లేచేది డంపర్లు తిరిగే మట్టి రోడ్ల మీద. వంద టన్నుల బండి ఒకే దారిలో రోజుకు వందల సార్లు తిరిగితే ఆ దారి పిండి అవుతుంది. నీళ్ల ట్యాంకరు సరిగ్గా తిరిగితే ఈ దుమ్ము చాలా తగ్గుతుంది. తనిఖీ ఉన్న రోజున తిరిగినట్టు మిగతా రోజుల్లో తిరుగుతుందా అన్నదే ప్రశ్న. పెద్ద రేణువులు కొన్ని వందల మీటర్లలో నేల రాలి పత్తి పువ్వు మీద, తునికాకు మీద, ఇప్ప పువ్వు మీద పడతాయి. ఆకు మీద దుమ్ము పొర ఉంటే బీడీ ఆకుకు ధర రాదు, రాలిన ఇప్ప పువ్వు ఏరుకునే గోండు, కోలాం కుటుంబాలకు ఆ ఏడాది ఆదాయం పోతుంది. ఈ నష్టానికి ఏ నివేదికలోనూ నేను ఒక గడి చూడలేదు.

సన్నని రేణువుల లెక్క వేరు. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేని రేణువులు ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్లి అక్కడే ఉండిపోతాయి. పీఎం 2.5 అనేది వాటిలోనూ మరీ సన్నని భాగం. మన జాతీయ ప్రమాణం ప్రకారం దీని వార్షిక సగటు ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచన 5 మాత్రమే. అంటే ప్రమాణం లోపలే ఉంది అని నివేదిక రాసినంత మాత్రాన ఆ గాలి హానిలేనిదని అర్థం కాదు. ఈ రేణువులు ఆస్తమా, దీర్ఘకాలిక శ్వాస జబ్బులతో ఆగవు, గుండెపోటు, పక్షవాతం ముప్పునూ పెంచుతాయి.

గనిలో పనిచేసేవాళ్ల విషయంలో జనంలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. బొగ్గు పొడి పీల్చినవాళ్లకే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని అనుకుంటారు. బొగ్గు దుమ్ము వల్ల వచ్చే న్యుమోకోనియోసిస్, అంటే ఊపిరితిత్తులు నల్లబడి గట్టిపడే జబ్బు, భూగర్భ గనుల్లో బొగ్గు కోసే కోల్ కట్టర్లూ, దాన్ని తొట్లలో నింపే ఫిల్లర్లూ అనుభవించినదే. ఓపెన్‌కాస్ట్‌లో మాత్రం ఎక్కువ ప్రమాదం బొగ్గు దగ్గర కాదు, ఓబీ దగ్గర. ఇసుకరాయిలో స్ఫటికం, అంటే సిలికా, నిండుగా ఉంటుంది. రాయికి డ్రిల్లింగ్ చేసేవాళ్లు, ఆ రాయిని ఎత్తే షావెల్, డంపర్ డ్రైవర్లు సిలికా పీలుస్తారు. సిలికోసిస్‌కు మందు లేదు. దుమ్ము పని మానేసిన తరువాత కూడా అది ముదురుతుంది. సిలికా చేరిన ఊపిరితిత్తికి క్షయ సులభంగా అంటుకుంటుంది, అందువల్ల రెండింటినీ విడదీసి చూడకుండా టీబీ మందులు మాత్రమే ఇచ్చి పంపే సందర్భాలు చాలా ఉన్నాయి. నాతో పనిచేసిన ఒక డ్రిల్లర్‌కు మూడుసార్లు టీబీ కోర్సు ఇచ్చారు. ఆయన చేసిన పని ఏమిటని ఆ ఆసుపత్రిలో ఒక్కరూ అడగలేదు. చివరికి పది మెట్లు ఎక్కితే దమ్ము వచ్చే స్థితిలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళితే అసలు జబ్బు బయటపడింది.

ఈ జబ్బులు బయటపడటానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. పర్మినెంటు కార్మికుడికి ఉద్యోగంలో చేరేటప్పుడూ, ఆ తరువాత నిర్ణీత కాలానికోసారీ వైద్య పరీక్ష చేయాలన్న నిబంధన చాలా కాలంగా ఉంది, అది కొంతవరకు అమలవుతుంది. కాంట్రాక్టు కార్మికుడు మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు ఇంకో రాష్ట్రంలో పనిచేసి ఇంటికి చేరాక దగ్గు మొదలైతే, అది ఏ గని దుమ్మో చెప్పే కాగితం అతని దగ్గర ఉండదు. మీ ఊరి పిల్లలు కాంట్రాక్టు కింద చేరితే, చేరిన రోజున తీసిన ఛాతీ ఎక్స్‌రే నకలు, ఊపిరి సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ పరీక్ష కాగితం తమ చేతికి తీసుకోవాలి. మానేసిన రోజునా అదే చేయాలి. ఆ రెండు కాగితాలు ఇంట్లో పెట్టెలో ఉంటే రేపు పరిహారం అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

బ్లాస్టింగ్ గురించి క్లుప్తంగా. పేలుడు ప్రమాద పరిధి 500 మీటర్లు. ఇళ్ల దగ్గర నేల అదురు ఎంత మించకూడదో గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లోనే మిల్లీమీటర్లలో నిర్ణయించింది. మామూలు ఇళ్లకు తక్కువ పౌనఃపున్యం ఉన్న అదురు సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. మీ ఊళ్లో ప్రతి ఇంటి గోడనూ గని రాకముందే తేదీతో ఫోటో తీయించండి. పగుళ్లు పాతవేనన్న జవాబును నేను లెక్కలేనన్నిసార్లు చదివాను.

ఇప్పుడు అడవి సంగతి. మీ జిల్లా అడవిని చెట్లున్న నేలగా మాత్రమే చూస్తే దాని విలువ తెలియదు. దానికి పైన మహారాష్ట్రలో 1,727 చదరపు కిలోమీటర్ల తాడోబా అంధారి పులుల అభయారణ్యం ఉంది. 2022 గణనలో తాడోబా లోపలే 97 పులులు లెక్కకు వచ్చాయి, చంద్రపూర్ జిల్లా అంతా కలిపితే ఆ సంఖ్యకు దాదాపు రెట్టింపు ఉంటాయి, వాటిలో చాలా మనుషుల మధ్యనే తిరుగుతున్నాయి. కింద 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం ఉంది. అక్కడ అడవి ఉంది, పులి స్థిరపడటం లేదు. తాడోబాలో పుట్టిన పులి పిల్ల రెండేళ్ల వయసు దాటాక తల్లిని విడిచి సొంత తావు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. అలా బయలుదేరినవి పెన్‌గంగనో, వార్ధానో, ప్రాణహితనో దాటి సిర్పూర్, కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తాయి. ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి అలాగే వచ్చి కాగజ్‌నగర్ అడవిలో పిల్లల్ని పెట్టింది. అంటే మీ ఊరి అడవి రెండు పెద్ద ఇళ్ల మధ్య నడవ. నడవ సన్నగానే ఉంటుంది, దానిలో ఒక్క చోట గోడ కడితే రెండు ఇళ్లూ విడిపోతాయి.

గని ఆ గోడ ఎలా అవుతుందో నివేదికలు సరిగ్గా చెప్పవు. గొయ్యి పరిమాణం అయిదారు వందల హెక్టార్లు ఉండవచ్చు, జిల్లా అడవితో పోలిస్తే అది కొద్ది శాతమే అని చూపిస్తారు. కాని పులిని ఆపేది గొయ్యి ఒక్కటే కాదు. రాత్రంతా వెలిగే ఫ్లడ్ లైట్లు, డంపర్ల మోత, బొగ్గు లారీల రోడ్డు, వ్యాగన్లలో బొగ్గు నింపే రైల్వే సైడింగ్, కన్వేయర్ బెల్టు, కంచె, కొత్తగా లేచిన కాలనీ, ఆ కాలనీ చెత్త కుప్పల మీదికి వచ్చే కుక్కలు, పందులు, ఇవన్నీ కలిసి గొయ్యికి రెండు మూడు రెట్ల వెడల్పున అడవిని పనికిరాకుండా చేస్తాయి. పైగా ఒక్కొక్క గనికి విడివిడిగా అనుమతి ఇస్తారు. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే. తిర్యాణి, రెబ్బెన, బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ వరుసగా మ్యాపు మీద పెడితే అప్పుడు తెలుస్తుంది గోడ ఎంత పొడవుందో. మీ సభలో ఈ ఒక్క మ్యాపు అడగండి: పాతవి, నడుస్తున్నవి, రాబోయేవి అన్ని గనులూ, రోడ్లూ, సైడింగులూ, వాటిపై పులుల నడవా ఒకే కాగితం మీద.

పులి ఒక్కటే కాదు. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట అంచుల మీద పొడవు ముక్కు రాబందులు గూళ్లు పెడుతున్నాయని 2013లో గుర్తించారు. దేశమంతటా తుడిచిపెట్టుకుపోతున్న ఆ పక్షికి తెలంగాణలో మిగిలిన అపురూపమైన తావు అది. నిటారు రాతి అంచు మీద ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షికి పేలుళ్ల అదురు ఏమి చేస్తుందో ఆలోచించడానికి శాస్త్రం అక్కరలేదు.

అడవి పక్కన గని వస్తే జంతువులు దూరంగా వెళ్లిపోతాయని ఒక నమ్మకం ఉంది. చంద్రపూర్ అందుకు విరుద్ధమైన పాఠం చెప్పింది. అక్కడ తరతరాలుగా మన తెలుగువాళ్లు కూడా గనుల్లో పనిచేస్తున్నారు, ఈ మాట వాళ్లను అడిగినా చెబుతారు. మూతపడ్డ గనుల కుప్పల మీద సర్కారు తుమ్మ దట్టంగా పెరుగుతుంది. అందులో అడవి పందులు చేరతాయి, వాటి కోసం చిరుతలు, పులులు వస్తాయి. ఆ పొదకు వంద గజాల దూరంలో కార్మికుల క్వార్టర్లు ఉంటాయి. 2022 ఫిబ్రవరిలో చంద్రపూర్ థర్మల్ కేంద్రం, దుర్గాపూర్ పరిసరాల్లో వెంటవెంటనే ఒక కార్మికుడిని పులి, ఒక బాలుడిని చిరుత చంపాయి. అడవి చెదిరితే జంతువు మాయం కాదు, అది మనిషి గుమ్మంలోకి వస్తుంది. ఆ తరువాత పశువును కోల్పోయిన రైతు కళేబరానికి విషం పూస్తాడు, లేదా పంది కోసం పెట్టిన కరెంటు తీగకు పులి తగులుతుంది. ఈ చావుల్లో ఏదీ గని ఖాతాలో రాయరు.

ఇదే చంద్రపూర్‌కు 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశవ్యాప్తంగా వేసిన మార్కుల్లో 83.88 వచ్చి, తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ రోజుల్లోనే తాడోబా పక్కనున్న లోహారా బొగ్గు బ్లాకు ప్రతిపాదనను ప్రజల ఆందోళన తరువాత కేంద్ర పర్యావరణ శాఖ పక్కన పెట్టింది. 2020లో బందర్ బ్లాకును కూడా వేలం జాబితా నుంచి తీసేశారు. అంటే ఆగిన గనులూ ఉన్నాయి, అడిగితే వినే సందర్భాలూ ఉన్నాయి.

నరికిన అడవికి బదులు మొక్కలు నాటుతామన్న మాట మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలి? నేను స్వయంగా కుప్పల మీద మొక్కలు నాటించాను, వాటిలో చాలావరకు బతికాయి, ఆ పని చేసినందుకు సంతోషమే. కాని అది అడవి కాదు. మూడు దశాబ్దాల తరువాత కూడా అక్కడ నిలిచేది సుబాబుల్, తుమ్మ, కొంత టేకు. తవ్వేటప్పుడు పై అడుగు సారవంతమైన మట్టిని విడిగా దాచి మళ్లీ పైన పరిచిన చోట వెదురు, గడ్డి బాగా వచ్చాయి, దాన్ని ఓబీలో కలిపేసిన చోట ఏమీ రాలేదు. ఆ మట్టిని ఎక్కడ దాస్తారో అడగడం చాలా పనికొచ్చే ప్రశ్న. నరికిన అడవి ఇచ్చే మేలుకు వెలకట్టి నికర ప్రస్తుత విలువ కింద చెల్లించేది 2022 రేట్ల ప్రకారం హెక్టారుకు సుమారు తొమ్మిదిన్నర లక్షల నుంచి పదహారు లక్షల రూపాయలు. ఆ డబ్బుతో నాటే మొక్కలు మీ మండలంలోనే నాటాలని లేదు. పర్యావరణం పేరుతో 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400కు చేరిన సెస్సు కూడా, 2017 నుంచి రాష్ట్రాల జీఎస్టీ నష్టపరిహారానికి మళ్లింది, 2025 సెప్టెంబరులో పూర్తిగా రద్దయింది. గని చుట్టుపక్కల ఊళ్లకు నేరుగా రావలసింది, గని సంస్థలు కట్టే జిల్లా ఖనిజ నిధి ట్రస్టు సొమ్ము. మీ మండలంలో దాన్ని దేని మీద ఖర్చు పెట్టారో కలెక్టరేట్‌లో అడిగి తెలుసుకోండి. తాగునీటికి, వైద్యానికి పెట్టవలసిన డబ్బు భవనాలకు పోయిన ఉదాహరణలు నాకు తెలుసు.

చట్టం మీకు కొంత అండగా ఉంది. జాతీయ పార్కులు, అభయారణ్యాల లోపలా, వాటి హద్దు నుంచి ఒక కిలోమీటరు దాకా గనులు తవ్వకూడదని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. ఆ కిలోమీటరు దాటిన చోట అభయారణ్యాలను కలిపే నడవలకు వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38ఓ సెక్షను వర్తిస్తుంది: అలాంటి నేలను జాతీయ వన్యప్రాణి మండలి ఆమోదం, పులుల సంరక్షణ సంస్థ సలహా లేకుండా హానికరమైన ఉపయోగాలకు మళ్లించకూడదు. మీ ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే ఆదివాసీలకు ప్రత్యేక రక్షణలున్న ప్రాంతంలో ఉంటే, అక్కడి పంచాయతీలకు వర్తించే పెసా చట్టం కింద గ్రామసభతో సంప్రదింపు, 2006 అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత, సామూహిక హక్కుల పరిష్కారం జరగాలి. 1997 నాటి సమతా తీర్పు ఆదివాసీ భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వడాన్ని అడ్డుకుంది గాని, ప్రభుత్వ సంస్థలకు ఆ అడ్డు లేదన్నది మరచిపోకూడదు.

2025లో మీ జిల్లాలో జరిగినది ఇక్కడ గుర్తుచేయాలి. ఈ నడవలో సుమారు 1,492 చదరపు కిలోమీటర్లను కుమురం భీం సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ ప్రభుత్వం 49వ నంబరు జీవో ఇచ్చింది. తమ హక్కులు పోతాయన్న భయంతో ఆదివాసీలు ఆందోళన చేశాక జూలైలో దాన్ని నిలిపివేశారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. తమను అడగకుండా తమ నేల మీద గీత గీస్తే ఎవరైనా ఎదురు తిరుగుతారు. అయితే పులి పేరుతో గీసిన గీతకు వచ్చిన కోపంలో కొంతైనా బొగ్గు పేరుతో గీసే గీతకూ రావాలి. పులి ఉన్న అడవిలో పోడు రైతుకు మిగిలే నేల, గొయ్యి పడ్డ చోట మిగలదు.

సభకు నోటీసు కనీసం 30 రోజుల ముందు ఇవ్వాలి, ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీలో ఉంచాలి, కలెక్టరు గాని అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గాని అధ్యక్షత వహించాలి, సభను వీడియో తీయాలి, చివర్లో మీరు చెప్పినది తెలుగులో చదివి వినిపించాలి. ఎవరు గట్టిగా మాట్లాడారన్నది తరువాత ఎవరూ చూడరు, రాతపూర్వకంగా ఇచ్చినది మాత్రమే దస్త్రంలో నిలుస్తుంది. ఇప్పటికే నడుస్తున్న గని సామర్థ్యం పెంచుకునేటప్పుడు కొంత మేరకు కొత్త సభ అవసరం లేకుండా మినహాయింపులు ఉన్నాయి కాబట్టి, మొదటి సభే మీకు దొరికే ఏకైక సభ కావచ్చు. నివేదికలో గాలి, నీరు, జంతువుల వివరాలు వానాకాలం కాని ఒకే ఒక్క రుతువులో, మూడు నెలల్లో సేకరించినవై ఉంటాయి. ఏడాది పొడవునా బావి మట్టాలు, వానాకాలం జీవజాలం, కెమెరా ట్రాపుల చిత్రాలు లేకుండా పది కిలోమీటర్ల పరిధి గురించి ఏ తీర్మానమూ చేయలేరని రాసివ్వండి. లోతైన పొరలకు భూగర్భ గని ఎందుకు కుదరదో కూడా కారణాలతో చెప్పమనండి. అదీ నేలను కుంగదీస్తుంది గాని, అడవిని పైనుంచి గీరి తీయదు.

బావుల పని సభ దాకా ఆపకండి. ఊరి నలుగురు యువకులు, బడిలోని ఒక ఉపాధ్యాయుడు కలిస్తే చాలు. గని హద్దు నుంచి మూడు కిలోమీటర్ల లోపల ఉన్న ప్రతి చేద బావికి, ప్రతి బోరుకు ఒక అంకె వేయండి. తాడుకు రాయి కట్టి దించి, ఒరనుంచి నీటి దాకా ఎన్ని మీటర్లో టేపుతో కొలిచి, తేదీ వేసి, బావి యజమానితో, పంచాయతీ కార్యదర్శితో సంతకం చేయించండి. మే నెలాఖరున ఒకసారి, నవంబరులో ఒకసారి, కనీసం రెండేళ్లు చేయండి. జిల్లా భూగర్భ జల శాఖ కార్యాలయంలో ఒక నకలు ఇచ్చి రసీదు తీసుకోండి. మొదటి కొలత ఈ మే నెల దాటితే ఒక ఏడాది పోయినట్టే.